ముగింపు అందరికీ తెలిసిన నవల

జానీబీ వయసు నలభై ఆరు. ఆమె చదివే నవలల్లో అమ్మాయి వయసు ఎప్పుడూ పదహారు దాటదు. ఆ అమ్మాయి కొత్త ఊరికి వస్తుంది, కొత్త బడిలో చేరుతుంది. అక్కడొక టెక్కులమారి పిల్ల ఆమెను ఏడిపిస్తుంది. సైకిలు మీద తిరిగే కుర్రాడొకడు నోరు మెదపకుండా సాయం చేస్తుంటాడు. ప్రాణస్నేహితురాలు పన్నెండో అధ్యాయంలో అలిగి వెళ్లి ఇరవయ్యోదాంట్లో తిరిగొస్తుంది. చివర్లో ఒక పోటీ ఉంటుంది. ఎవరు గెలుస్తారో అట్ట మీది బొమ్మ చూసి చెప్పేయొచ్చు. ఇలాంటివి జానీబీ మూడేళ్లలో అరవై దాకా చదివింది. విసుగు పుట్టలేదా అని ఎవరైనా అడిగితే, రోజూ అన్నమే తింటున్నావు, నీకు పుట్టిందా అని ఎదురడుగుతుంది.

ఆమె చదివే చోటు ఇంకా విచిత్రం. గుంటూరులో ఏటుకూరు రోడ్డు పక్క కోల్డ్ స్టోరేజీల వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పని. గుట్ట చుట్టూ పదకొండుమంది ఆడవాళ్లు ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకుని కూర్చుంటారు. తొడిమ తుంచడం, తెల్లబడ్డ తాలుకాయను పక్కకు విసరడం, మంచికాయను బుట్టలో వేయడం. ఎవరు ఎన్ని కిలోలు తీస్తే వాళ్లకంత కూలి. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు తుమ్ముతారు, రెండో రోజు ఏడుస్తారు, మూడో రోజు మానేస్తారు. నాలుగో రోజు కూడా కనబడ్డారంటే ఇక వాళ్లు మనవాళ్లే.

ఆ పదకొండుమందిలో ఒక్క జానీబీ నోటికే గుడ్డ ఉండదు. ఆమె చదవాలి గదా. బోర్లించిన బుట్ట మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, మధ్యమధ్య దగ్గుకుంటూ, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, అందరికీ వినబడేలా చదువుతుంది. పేజీ తిప్పినప్పుడల్లా మిగతా పదిమందీ తలా ఒక పిడికెడు తీసిన కాయ ఆమె బుట్టలో వేస్తారు. ఇది ఎవరూ కూర్చుని రాసుకున్న ఒప్పందం కాదు. మొదట్లో ఒకరోజు అందరికంటే పెద్దది కోటిరత్నం, "నీ నోరు మాకు పని చేస్తంటే మా చేతులు నీకు చెయ్యవా ఏందే?" అంటూ ఒక పిడికెడు వేసింది. అది చూసి పక్కామె వేసింది. ఆ తర్వాత అదే ఆచారమైపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. ఉన్న చిక్కల్లా జానీబీ పౌరుషం. పదిమంది పెడుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమెకు నామర్దా. ఎడమ చేత్తో పేజీ తిప్పుతూ కుడి చేత్తో తనూ నాలుగు కాయలు తుంచుతూనే ఉంటుంది. ఒకటి రెండుసార్లు పేజీ కోసం వేలు తడి చేసుకోబోయి, నాలుక కాలి, షెడ్డంతా ఎగిరి గంతులేసింది కూడా. అప్పుడు అందరూ నవ్వారు తప్ప, ఆ వేలు ముట్టిన కాగితం మాటేమిటని ఎవరికీ తట్టలేదు. ఇరవై ఏళ్లు మిరపకాయల్లో నానిన చేతులకు మంట తెలియదు. తనకు తెలియని మంట ఇంకొకరికి ఉంటుందని గుర్తుపెట్టుకోవడం ఎంత మంచివాళ్లకైనా కష్టమే.

ఈ చదువు పిచ్చి ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. జానీబీది అద్దంకి దగ్గర పల్లె. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి వేసవి సెలవులకు ఇంటికొచ్చింది. ఆ సెలవుల్లోనే పెళ్లి చేశారు. బడి తెరిచే నాటికి ఆమె గుంటూరులో అత్తగారింట్లో పదిమందికి వండుతోంది. భర్త హయాత్ మంచివాడే. పత్తి మిల్లులో పని, సంపాదించింది ఇంట్లో ఇస్తాడు, గొంతెత్తి మాట్లాడడు. అతని మీద ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు. ఉన్నదల్లా ఆ వేసవి సెలవుల మీదే. ముప్ఫై ఏళ్లు దాటినా అవి అయిపోలేదు.

మూడేళ్ల కిందట కూతురు నజ్మీన్ ఇంటర్ పరీక్షలయ్యాక ఇరవై నాలుగ్గంటలూ ఫోను పట్టుకుని కూర్చుంటోందని, జానీబీ వాళ్ల పేటలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి, తన పేరునే కార్డు తీసుకుని, ఒక పుస్తకం తెచ్చిపెట్టింది. నజ్మీన్ అట్ట చూసి, "ఇది చిన్నపిల్లలదమ్మా" అని బల్ల మీద పడేసింది. అది రెండు రోజులు అక్కడే పడి ఉంది. మూడో రోజు బియ్యం ఏరుతూ జానీబీ మొదటి పేజీ చూసింది. ఆ పూట పప్పు మాడింది.

నజ్మీన్ ఇప్పుడు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో చీటీలు రాస్తోంది. అమ్మను ఆటపట్టించడం ఆమెకు రోజువారీ కార్యక్రమం.

"అమ్మా, నేను చెప్పేయనా? ఈ అమ్మాయి గెలుస్తుంది. ఆ అబ్బాయి ఉత్తరం రాస్తాడు. మేనత్త కళ్లనీళ్లు పెట్టుకుంటుంది."

"నాకూ తెలుసు."

"తెలిసీ ఎందుకు చదవటం?"

"నీకెందుకే? పోయి అన్నం తిను."

జవాబు దొరకనప్పుడు తల్లులకు అన్నం దొరుకుతుంది.

ఆ ఆగస్టులో షెడ్డులో నడుస్తున్న నవలలో అమ్మాయి పేరు శారిక. తల్లి పోయి, కొండల మీద ఒక ఊళ్లో మేనత్త సుభద్ర పంచన చేరింది. పరుగులో చిరుత. మేనత్త మాత్రం గడుసుది, పలకరిస్తే కరుస్తుంది. బూట్లు కొనమంటే "ఉన్న చెప్పులు కాళ్లకు బరువయ్యాయా?" అంటుంది. కోటిరత్నానికి ఆ మేనత్త పేరు చెబితే ఒళ్లు మండేది. రోజుకు పదిసార్లు తిట్టేది. తిట్టీ తిట్టీ చివర్న, "అయినా దీని మొహం చూడు, కడాకు మంచిదే అవుద్ది" అనేది. మొహం కనిపించే బొమ్మలు ఆ పుస్తకంలో లేవు. పందెంలో శారిక గెలుస్తుందనీ, మేనత్త మారుతుందనీ పదకొండుమందికీ తెలుసు. అయినా సాయంత్రం పుస్తకం మూసే వేళకు ఎవరో ఒకరు, "ఇంకొక్క పేజీ చదవ్వే జానీ, ఇంటికి పోతే నిద్ర పట్టదు" అనేవాళ్లు.

ఇరవై రెండు అధ్యాయాల్లో పందొమ్మిది అయ్యేసరికి గడువు ముగిసింది. గడువు పొడిగించాలంటే పుస్తకం పట్టుకెళ్లి చూపించాలి. జానీబీ పని దిగి నేరుగా గ్రంథాలయానికి వెళ్లింది.

గ్రంథపాలకుడు దుర్గాప్రసాద్ నెమ్మదస్తుడు. పుస్తకం అందుకుని, తేదీ వేద్దామని తెరిచి, మొదట ఒక తుమ్ము తుమ్మాడు. తర్వాత వరసబెట్టి ఏడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే పుస్తకం మధ్యలోంచి పసుప్పచ్చటి గింజ ఒకటి జారి రిజిస్టరు మీద పడింది.

"ఇదేంటమ్మా?"

"మిరప గింజ సార్."

"అది నాకూ తెలుస్తోంది. పుస్తకంలో ఎందుకుందీ అని."

"షెడ్డులో చదువుతాం సార్. తొడిమలు తీసే చోట."

దుర్గాప్రసాద్ ముఖం మారిపోయింది. "అయితే మొన్నటిదీ మీరేనన్నమాట" అంటూ కుర్చీలో వెనక్కి వాలాడు. సంగతేమిటంటే, జానీబీ అంతకు ముందు తిరిగిచ్చిన పుస్తకాన్ని దీప్తి అనే పదో తరగతి అమ్మాయి తీసుకెళ్లింది. పడుకుని చదువుతూ కళ్లు రుద్దుకుంది. రెండు కళ్లూ వాచి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చింది. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి, ఇది గ్రంథాలయమా కారం మిల్లా అని నలుగురిలో పట్టుకుని దులిపేశాడు.

కళ్లలో కారం కొట్టడమనే మాట జానీబీ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. నిజంగా కొట్టిన మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తోంది. అది తనే. అదీ ఒక పదిహేనేళ్ల పిల్లకి!

"ఆ పాపకి ఇప్పుడెట్టా ఉంది సార్?"

"తగ్గిందట. మీ మీద నాకు కోపం లేదమ్మా. మీరు చదివినన్ని పుస్తకాలు ఈ పేటలో ఎవరూ చదవలేదు. కానీ ఆయన మళ్లీ వస్తే నేనేం చెప్పను?" అంటూ ఆయన ఆమె కార్డు సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ వేయడంలో ఆయనకేమీ సంతోషం కనబడలేదు. పుస్తకం కూడా అక్కడే ఉండిపోయింది.

మర్నాడు షెడ్డులో ఖాళీ చేతులతో కూర్చున్న జానీబీని చూసి అందరూ నివ్వెరపోయారు. జరిగింది చెప్పింది. ఒకామె, "పుస్తకం లేకపోతే ఏమైందిలే, మిగతాది నోటితో చెప్పు, నీకు తెలవనిదా" అంది. నిజమే గదా అనుకుంది జానీబీ. అరవై నవలలు చదివిన మనిషికి మూడు అధ్యాయాలు ఒక లెక్కా!

చెప్పింది. స్నేహితురాలు తిరిగొచ్చింది. సైకిలు కుర్రాడు ఉత్తరం రాశాడు. మేనత్త రహస్యంగా బూట్లు కొంది. శారిక పరుగెత్తింది, గెలిచింది, మేనత్త కళ్లు తుడుచుకుంది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ఎక్కడా తప్పు పోలేదు. కానీ ఆ పది నిమిషాల్లో ఎవరూ ఊపిరి బిగబట్టలేదు, ఎవరూ మేనత్తను తిట్టలేదు. జానీబీ బుట్టలో పిడికెడు కాయ కూడా పడలేదు.

"ఇంతేనా?" అంది ఒకామె.

"ఇంతేగా, ఇంకేముంటుంది?" అని జానీబీ కోటిరత్నం వంక చూసింది.

కోటిరత్నం చేతిలోని కాయ కింద పెట్టింది. ఆమె పని ఆపడం అరుదు. "తాళి కడతాడని తెలిసే గదంటే మనం పెళ్లికి పోయేది? ఎవడో ఇంటికొచ్చి 'కట్టాడు, అయిపోయింది' అంటే పోయొచ్చినట్టు ఉంటదా? గెలుస్తదని నాకు తెలవదా? ఆ పిల్లతో పాటు నన్నూ ఉరికించాలి. నువ్వేమో గమ్యం కాడ దింపేసి పోయావు."

జానీబీకి రోషం రాలేదు, నీరసం వచ్చింది. నజ్మీన్ ప్రశ్నకు తనకు దొరకని జవాబు చదువురాని కోటిరత్నం నోట్లో ఇంత తేలిగ్గా ఎలా ఉందా అనిపించింది. ఆ తర్వాత రోజులన్నీ షెడ్డులో తొడిమలు తెగే చప్పుడు తప్ప ఏమీ లేదు. పని ఎక్కువే జరిగింది. మేస్త్రీ సంతోషించాడు. మిగతావాళ్లెవరూ సంతోషించలేదు. జానీబీ బుట్ట ఆమె చేతులతోనే నిండేది. కానీ ఆమెకు దిగులంతా ఇంకో విషయం మీద. ఇంట్లో ఆమె భార్య, తల్లి, పెద్ద కోడలు. వీధిలో ఆంటీ. ఆ పుస్తకం తెరిచి ఉన్న కాసేపే ఆమెకు పదహారేళ్లు. కార్డు పోతే పోయేది పుస్తకాలు కావు, ఆ కాసేపు. అది బయటికి చెబితే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు. పైగా దీప్తి అనే ఆ పిల్ల కళ్లు ఆమెను వదలడం లేదు.

ఆదివారం పొద్దున పదింటికి జానీబీ గ్రంథాలయానికి వెళ్లింది. కార్డు లేనిదాన్ని లోపలికెలా పోను అని వరండాలో మెట్టు మీద కూర్చుంది. పిట్టగోడ మీద పదీ పన్నెండు పుస్తకాలు పేజీలు విప్పుకుని ఎండలో ఆరుతున్నాయి. దుర్గాప్రసాద్ ముక్కుకు రుమాలు కట్టుకుని ఒక్కోదాన్నీ పట్టుకుని దులుపుతున్నాడు. ఆమెను చూసి రుమాలులోంచే ఏదో అన్నాడు. అది కోపమో పలకరింపో తెలియలేదు.

"ఆ పాప వస్తుందేమోనని సార్. ఒక్క మాట చెప్పి పోతా."

ఆయన తల ఊపాడు. దీప్తి ఆదివారాలు తప్పకుండా వస్తుందట. ఆయన దులపడం ముగించి లోపలికి వెళ్లిన కాసేపటికి ఆ పిల్ల రెండు జడలతో, చంకన సంచితో వచ్చింది. జానీబీ లేచి నిలబడి ముందు ఆ పిల్ల కళ్లు చూసింది. తెల్లగా, బాగానే ఉన్నాయి.

"నీ కళ్లు మండింది నా వల్లే తల్లీ. షెడ్డులో మిరప చేతులతో చదివాను. నాకు తెలవలేదు. తప్పయిపోయింది."

దీప్తి ఒక క్షణం తికమకపడి, నవ్వేసింది. "మీరా ఆంటీ? నేనైతే ఏడుపనుకున్నా! ఆ పుస్తకంలో హాస్టల్ ఖాళీ చేసి వెళ్లేటప్పుడు కుక్క బస్సు వెనకాల పరిగెడుతుంది చూడండి, అక్కడ కళ్లు మండుతుంటే ఏడుపొస్తోందిలే అని రుద్దుకుంటూ చదివేశా. మా నాన్నతో అదే చెప్పా. నమ్మలేదు."

"కుక్క దగ్గర మేమూ ఏడ్చాం. పదకొండుమందిమి" అంది జానీబీ.

"పెద్దవాళ్లు కూడా ఇవి చదువుతారా? అంతా ముందే తెలిసిపోతుంది గదా మీకు?"

"నీకు తెలవదా?"

"తెలుస్తుంది. అయినా బాగుంటుంది" అని దీప్తి సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. శారిక పుస్తకం. నాలుగు రోజులు ఎండలో పెట్టి దులిపాకే సార్ ఇచ్చారట. "ఇది మాత్రం సూపర్ ఆంటీ, నిన్ననే అయిపోయింది. చివర్లో వాళ్ల అత్త ఏమంటుందంటే..."

"చెప్పొద్దు!" జానీబీ రెండు చెవులూ మూసుకుంది. పదిమందికి ముగింపు తానే చెప్పిన మనిషి, ఆ పిల్ల నోరు ఎక్కడ జారుతుందోనని వణికిపోయింది. "చెప్పొద్దు తల్లీ. మేమింకా పందొమ్మిదిలోనే ఉన్నాం."

దీప్తి ఆమె వంకా పుస్తకం వంకా చూసి, లోపలికి వెళ్లి దుర్గాప్రసాద్ బల్ల ముందు నిలబడింది.

"సార్, ఇక్కడే కూర్చుని చదవటానికి కార్డు కావాలా?"

"అక్కర్లేదమ్మా."

"పక్కవాళ్లకు వినబడేలా చదవొచ్చా?"

ఆయన "నిశ్శబ్దం" అన్న బోర్డు వంక చూశాడు. హాలు వంక చూశాడు. పేపరు మీద తల పెట్టి నిద్రపోతున్న పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. "సాయంత్రం ఆరు తర్వాత ఎవరూ ఉండరులే" అన్నాడు చివరికి. తర్వాత గుమ్మం బయటున్న జానీబీ వైపు తిరిగి, "కానీ చేతులమ్మా. చేతులు చూసే లోపలికి రానిస్తాను. మీ నాన్నగారికి కూడా నేనే చెప్తాను దీప్తీ" అన్నాడు.

సోమవారం ఆ మాట షెడ్డులో చెప్పడం తేలికే. వచ్చేదెవరన్నదే ప్రశ్న. పని దిగేసరికి అయిదవుతుంది. అప్పటి నుంచి ఒకామెకు గేదె, ఒకామెకు మనవడు, అందరికీ రాత్రి వంట. షెడ్డులో వినడం వేరు, అక్కడ కూలి నడుస్తూనే ఉంటుంది. ఇల్లు వదిలి, పని వదిలి, ముగింపు తెలిసిన కథ కోసం ఎవరొస్తారు? "చూద్దాంలే" అన్నారందరూ. ఆ మాటకు మన వైపు ఏమర్థమో జానీబీకి తెలియంది కాదు.

ఆరింటికి ఆమె హాల్లో పొడుగు బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా శారిక పుస్తకం. పక్కన దీప్తి. ఆరూ పది అయింది. ఆరుంపావు అయింది. దుర్గాప్రసాద్ మర్యాదకు గడియారం వంక చూడటం లేదు. జానీబీకి సిగ్గేసింది. ఆ పిల్ల ఆదివారం నాటి హుషారును నమ్మి ఇంతమందిని ఇబ్బంది పెట్టానేమోననిపించింది. ఇక తనొక్కతే మనసులో చదువుకుని లేచిపోదామని పుస్తకం దగ్గరికి లాక్కుంది.

అప్పుడు వరండాలో చెప్పుల చప్పుడైంది. ముందు కోటిరత్నం, వెనక ఆరుగురు. తడి జుట్లు, ముఖాన పౌడరు, పెట్టెలోంచి తీసిన చీరలు. పేరంటానికి వచ్చినట్టు వచ్చారు. మిరప ఘాటు నీళ్లకు పోదని, నూనె రాసి, శనగపిండితో రుద్ది, సబ్బుతో కడిగి, మళ్లీ నూనె రాసి వచ్చారట. అందుకే ఆలస్యం.

కోటిరత్నం గుమ్మంలో ఆగి రెండు చేతులూ చాపింది. "చూసుకోండి సారూ. కావాలంటే వాసన చూడండి."

దుర్గాప్రసాద్ నిజంగానే వంగి వాసన చూశాడు. తుమ్ము రాలేదు. పక్కకు తప్పుకున్నాడు.

ఇరవయ్యో అధ్యాయం మొదలైంది. ఖాళీ చేతులతో కథ వినడం ఆ ఆడవాళ్లకు కొత్త. కాసేపు ఆ చేతులను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. కోటిరత్నం వేళ్లు కొంగు అంచును తుంచుతూనే ఉన్నాయి. తర్వాత స్నేహితురాలు తిరిగొచ్చింది, అనుకున్నట్టే. అనుకున్నట్టే అయినా "వచ్చిందమ్మా మహాతల్లి!" అని ఒకామె బల్ల చరిచింది. నిద్రపోతున్న పేపరు పెద్దాయన లేచి, వెళ్లబోయి, పందెం దగ్గరకొచ్చిందని విని మళ్లీ కూర్చున్నాడు. శారిక పరుగెత్తింది. ఏడుగురూ బల్ల మీదికి వంగారు. టెక్కులమారి పిల్ల ఆఖరి మలుపు దాకా ముందే ఉంది. "పట్టుకో, పట్టుకోవే!" అంది కోటిరత్నం. శారిక పట్టుకుంది. గెలిచింది. జనంలో చివరి వరసలో మేనత్త ఉంది, అందరూ చెప్పినట్టే. కళ్లు తుడుచుకుంటోంది, అందరూ చెప్పినట్టే.

ఇక రెండు పేజీలున్నాయి. ఇంటికి నడిచి వెళ్తూ శారిక మేనత్తను అడుగుతుంది. పతకం వచ్చింది గదా, ఇక నేనేం చేయాలి అత్తా, ఏం కావాలి, ఇప్పుడే తేల్చుకోవాలా అని. మేనత్త నడక ఆపింది. జానీబీ చదువుతోంది.

"తొందరేముందే పిచ్చిదానా? నీకింకా పదహారేళ్లే."

జానీబీ వేలు ఆ వాక్యం కింద ఆగిపోయింది.

పందెం ఫలితం ఆమెకు తెలుసు. ఉత్తరం సంగతి తెలుసు, బూట్ల సంగతి తెలుసు. ఈ ఒక్క మాట తెలియదు. నజ్మీన్‌కు పదహారు నిండినప్పుడు సంబంధాలు తెచ్చినవాళ్లందరితో ఈ మాటే అని, పోట్లాడి, ఆడబిడ్డతో ఏడాది మాటలు లేకుండా ఉండిపోయింది. అనడం తెలుసు. వినడమే తెలియదు. ఆ వేసవిలో అద్దంకి దగ్గర పల్లెలో ఇంటినిండా జనం ఉన్నారు. ఒక్కరు కూడా ఆమెతో ఆ మాట అనలేదు.

కన్నీళ్లు పుస్తకం మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. దీప్తి కంగారుగా, "కళ్లు మండుతున్నాయా ఆంటీ?" అంది. జానీబీ కాదని తల ఊపింది. కొంగు తుంచే వేళ్లు ఆగిపోయాయి. కోటిరత్నానికి పన్నెండేళ్లకే పెళ్లయింది. మిగతావాళ్లలో పద్దెనిమిది దాటాక అయినవాళ్లు ఒక్కరో ఇద్దరో.

కోటిరత్నం ముక్కు చీదుకుంది.

"ఆ మాట ఇంకోసారి చదవ్వే జానీ," అంది. "నెమ్మదిగా."

జానీబీ కళ్లు తుడుచుకుని ఇంకోసారి చదివింది.